రాసుకొండ మీద మేరమ్మ ఇల్లు

మొన్న మా మనవడి పుట్టినరోజు. కేకు మీద ఆరు కొవ్వొత్తులు పెడితే ఒక్క ఊదుకి ఆర్పేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆరిన వత్తుల నుంచి సన్నగా పొగ లేచి నేను కూర్చున్న వైపుకే వచ్చింది. ఆ వాసనతోపాటే నాకు చేపల వాసన కూడా వచ్చింది. కేకు ముందు కూర్చుని చేపల వాసన వస్తోందంటే కోడలు కంగారు పడుతుందని నోరు మెదపలేదు.

నా ముక్కులో ఆ రెండు వాసనలకీ ఎప్పుడో ముడి పడిపోయింది. ఆ ముడి వేసింది మా మామ్మ. చోటు, విశాఖపట్నం వన్‌టౌన్‌లో రాస్ హిల్. మా వీధిలో ఎవరూ అలా పలికేవారు కాదు. రాసుకొండ అనేవారు. పలకలు రాసుకునే కొండ అని మా చెల్లెలు చాలాకాలం అనుకుంది.

తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. విశాఖ హార్బర్ ముఖద్వారం దగ్గర, ఊరి వైపు, మూడు చిన్న కొండలు పక్కపక్కనే ఉంటాయి. రాసుకొండ మీద మరియమాత (మామ్మ మాటల్లో మేరమ్మ) చాపెల్, నడిమి దాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, మూడోదాని మీద వేంకటేశ్వరస్వామి. కాలవకి అవతల డాల్ఫిన్ నోస్ కొండ, పెద్ద ఏనుగు నీళ్లలోకి దిగుతున్నట్టు. ఓడ లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా ఆ ఏనుగుకీ ఈ మూడు కొండలకీ మధ్య నుంచే దారి. మా ఇల్లు ఆ కొండల కింద, సముద్రం హోరు వినపడే సందులో.

మామ్మ చేపలమ్మేది. పొద్దున్నే ఒడ్డుకి పోయి, తట్టలో కానాగంతలో కవ్వళ్లో వేసుకుని సోల్జర్‌పేట వీధుల్లో తిరిగేది. అక్కడ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండేవి. పొడుగు గౌన్లు వేసుకున్న ముసలమ్మలు గుమ్మంలో నిలబడి వచ్చీరాని తెలుగులో బేరమాడితే, మామ్మ వచ్చీరాని ఇంగ్లీషులో జవాబు చెప్పేది. "నో నో దొరసానీ, ప్రెస్సు పీసు" అనేది. ఫ్రెష్ ఫిష్ అని. చందువ దొరికిన రోజు ఆవిడ నడకే వేరుగా ఉండేది.

తట్ట తొందరగా ఖాళీ అయిందా, ఇక ఇంటికి రాదు. సందు మొదట్లో నిలబడి నన్ను కేకేసేది. ఇద్దరం రాసుకొండ ఎక్కేవాళ్లం. కుళాయి దగ్గర చేతులు మట్టేసి తోముకునేది గానీ, నలభై ఏళ్ల చేపల వాసన ఒక కుళాయికి పోతుందా? ఆ చేతులతోనే కొవ్వొత్తి వెలిగించేది. ఆ చేతులతోనే నా తల నిమిరేది.

"ఓరి గుంటడా, నెమ్మదిగా ఎక్కరా. కొండేటి పారిపోద్దా?"

మేం క్రైస్తవులం కాదు. ఇంట్లో సింహాద్రి అప్పన్న పటం, పక్కన గంగమ్మకి పసుపు రాసిన రాయి. మరి మేరమ్మ దగ్గరికెందుకు అని ఒకసారి అడిగాను. మామ్మ దగ్గర దానికి తిరుగులేని లెక్క ఉంది. "అప్పన్న పెద్దోడు. ఆయనకి సేనా పనుంటాది. మేక తప్పిపోనాది, గుంటడికి జొరమొచ్చింది అని ఆయన్నడిగితే సిగ్గేత్తాది. సిన్న సిన్నవి మేరమ్మకి సెప్పుకోవాల. ఆడమనిసి, పిల్లతల్లి, వింటాది." ఇంకా చిన్నవి, అంటే అత్తాకోడళ్ల తగాదాల్లాంటివి, గంగమ్మకి. తుఫానులు మాత్రం దర్గా బాబా ఖాతా.

ఆవిడ దాన్ని గుడి అనలేదు, చర్చి అని కూడా అనలేదు. "మేరమ్మ ఇల్లు" అనేది. పైకి చేరాక ఖాళీ తట్ట గోడ పక్కన బోర్లించి, లోపలికి పోయి ఒక కొవ్వొత్తి వెలిగించి, రెండు నిమిషాల్లో బయటికి వచ్చేసి గోడ నీడలో కాళ్లు బారజాపుకుని కూర్చునేది. చుట్టపుచూపుగా పోయిన ఇంట్లో కూర్చున్నట్టే. చుట్ట కూడా తీయబోయి, నాలిక కరుచుకుని మళ్లీ మొలలో దోపుకునేది. గుడికెళ్తే నిలబడాల, ఇంటికెళ్తే కూకోవచ్చు అనేది.

ఆవిడ మాట అక్షరాలా నిజమని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

*

ముందు మైనం సంగతి చెప్పాలి. ఎందుకంటే ఆ కొండ మీదికి నేను భక్తితో ఎక్కలేదు, మైనం కోసం ఎక్కాను.

కొవ్వొత్తులు వెలిగించే చోట మైనం కరిగి కారి, ఇనుప కమ్మీల కింద గడ్డకట్టేది. తెల్లటి పొరల మీద పొరలు, మధ్యలో నల్లటి కాలిన వత్తులు, చచ్చిపోయిన దోమలు. దాన్ని గోటితో గీరి తీసి అరచేతుల మధ్య నలిపితే మెత్తగా ఉండ అయ్యేది. ఆ ఉండ మా సందులో డబ్బుతో సమానం. బొంగరం తాడుకి రాసుకోవచ్చు, గాలిపటం దారానికి పట్టించవచ్చు, క్యారమ్స్ బోర్డున్నవాడికి ఇస్తే ఒక ఆట ఆడనిచ్చేవాడు.

అన్నిటికంటే గొప్ప పని, కొవ్వొత్తి చేయడం. బొప్పాయి ఆకు కాడ తెలుసు కదా, లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది. జానెడు ముక్క కోసి, మధ్యలోంచి నూలు దారం పోనిచ్చి, కింద బంకమట్టి పెట్టి మూసేయాలి. పాత అమృతాంజనం సీసా మూతలో మైనం కరిగించి, దారం పక్కకి ఒరగకుండా పైన పుల్ల కట్టి, నెమ్మదిగా పోయాలి. తొందరపడితే లోపల బుడగలు నిలిచిపోతాయి. చల్లారాక కాడని బ్లేడుతో నిలువునా చీలిస్తే కొవ్వొత్తి బయటికొస్తుంది. కొంచెం ఆకుపచ్చ రంగు అంటుకుని, కొంచెం వంకరగా. వెలిగిస్తే మొదట బొప్పాయి పాల వాసన వచ్చేది. పరీక్షల రోజుల్లో కరెంటు పోతే మా చెల్లెలూ నేనూ ఆ వంకర కొవ్వొత్తుల వెలుగులోనే చదివాం. ఎన్ని మార్కులొచ్చాయని అడక్కండి.

ఒక సాయంత్రం గీరుతూ దొరికిపోయాను. అక్కడ గంట కొట్టే తాత ఉండేవాడు. ఖాకీ నిక్కరు, బనీను, మెడలో నల్లపూసల జపమాల. ఒక కన్ను సరిగ్గా కనపడదు, కానీ ఆ కన్ను ఎటు చూస్తోందో మనకి తెలియదు కాబట్టి అదే ఎక్కువ భయపెట్టేది. చెవి మెలిపెట్టి కింద కూర్చోబెట్టాడు.

"ఎంత తీశావు?"

జేబులోంచి ఉండ తీసి చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దోమలు తియ్యకుండా ఉండ చేస్తే చిటపటలాడుతుందిరా వెధవా."

చేతికి ఒక కొబ్బరి చిప్ప ఇచ్చి, కమ్మీల కింద, నేల మీద, గోడ అంచున ఉన్న మైనమంతా గీరమన్నాడు. చీకటి పడేదాకా గీరాను. తర్వాత చింతపండు ముద్ద ఇచ్చి ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు తోమించాడు. అంతా అయ్యాక పోగైన మైనాన్ని రెండు భాగాలు చేసి ఒకటి నాకిచ్చాడు. రెండోది ఆయన కరిగించి, కొనుక్కోలేనివాళ్ల కోసం చిన్న కొవ్వొత్తులు పోసేవాడట. ఆ తర్వాత రెండు మూడేళ్లు, వారానికోసారి నాదే డ్యూటీ. దొంగని నౌకరీలో పెట్టుకున్నాడని మా అయ్య నవ్వేవాడు.

*

గీరుతున్నంతసేపూ తాత కథలు చెప్పేవాడు. మామ్మ కథలు ఆమెవి. రెండింటికీ పొంతన ఉండేది కాదు.

మామ్మ ప్రకారం రాసు దొర ఓడ నడిపేవాడు. నడిసముద్రంలో పెద్ద గాలివాన. దిక్కు తెలియదు. అప్పుడు ఈ కొండ మీద దీపం కనపడింది. దీపం పక్కన ఒకావిడ బిడ్డనెత్తుకుని కూర్చుంది. ఆ దీపాన్నే చూసుకుంటూ ఒడ్డుకొచ్చాడు. పైకెక్కి చూస్తే ఎవరూ లేరు. సరే, ఈ చోటు మంచిదని అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం నాటి రాత్రి ఆవిడ కలలో కనిపించి "ఇల్లు బాగుంది నాయినా, మరి నేనెక్కడుండాల?" అందట. మర్నాడే దొర మూటాముల్లె సర్దుకుని కిందికి దిగిపోయాడు. ఈ చివరి మాట చెప్పేటప్పుడు మామ్మ గొంతులో దొర మీద కొంచెం జాలి ఉండేది. కొత్త ఇల్లు, పాపం.

గంట తాత ఇదంతా కొట్టిపారేసేవాడు. "దొర వర్తకుడు. ఒంట్లో బాగాలేక డాక్టరు సముద్రపు గాలి పడాలన్నాడు. అందుకే ఇంత ఎత్తున కట్టాడు. అదిగో, ఆ మూల మంచం వేసుకునేవాడు." మంచం వేసుకున్న మూలని అంత కచ్చితంగా ఎలా చెప్పగలిగేవాడో నాకిప్పటికీ అర్థం కాదు. వర్షాకాలంలో మంచం ఇంకో మూలకి మారేది.

మార్కెట్ దగ్గర ఇత్తడి సామాన్ల కొట్టాయన కథ ఇంకోటి. దొర కొండలో బంగారు మొహరీలు పాతిపెట్టి, ఓడెక్కి వెళ్లి మళ్లీ రాలేదని. దాన్ని నమ్మి నేనూ ఇద్దరు స్నేహితులూ ఒక వేసవి సెలవంతా కొండ వాలులో తవ్వాం. రెండు సోడా గోలీలు, ఒక గాడిద లాడం దొరికాయి. లాడం మా ఇంటి గుమ్మానికి కొట్టారు.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, పనీపాటా లేక, ఒక లైబ్రరీలో ఫ్రాన్సిస్ దొర రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ చూశాను. 1907 నాటిది. మా రాసు దొర గురించి ఎంతుందో తెలుసా? ఒక్క ముక్క. 1864లో రాస్ అనే ఆయన కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత అదే రోమన్ కాథలిక్కుల ప్రార్థన మందిరమైంది. అంతే. గాలివాన లేదు, డాక్టరు లేడు, మొహరీలు లేవు. కాసేపు నీరసం వచ్చింది. తర్వాత ఆ ముక్కనే మళ్లీ చదివాను. ఇల్లు! మామ్మ అన్నది అదే కదా. చదువు రాని మనిషి, ఎవరూ చెప్పకుండా, కాళ్లు బారజాపుకుని కూర్చుని, ఇది ఇల్లు అని తేల్చేసింది.

రాసు దొర ఇల్లు కట్టేనాటికే ఊళ్లో కాథలిక్ ఫాదర్లు ఉన్నారు. ఫ్రాన్స్ సరిహద్దుల్లోని సవాయ్ ప్రాంతంలో ఆనెసీ అనే ఊరుంది. అక్కడి నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకి చెందిన మిషనరీలు 1846లో ఇక్కడికొచ్చారు. మరుసటి ఏడాదే సోల్జర్‌పేటలో సెయింట్ అలోసియస్ బడి మొదలైంది. మామ్మ దగ్గర చేపలు కొన్న ముసలమ్మల పిల్లలు, మనవలు చదివింది అక్కడే. ఎర్రటి ముఖాలతో వాళ్లు టోపీలు ఎగరేసుకుంటూ బడికిపోతుంటే మేం సందులోంచి నోరు తెరుచుకుని చూసేవాళ్లం.

ఇంకో చిత్రం కూడా ఉంది. పక్క కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడిని 1866లో బ్లాక్‌మూర్ అనే తెల్ల కెప్టెన్ కట్టించాడని చెప్పుకుంటారు. అంటే, ఒక దొర తన కోసం కట్టుకున్న ఇల్లు మేరమ్మకి పోయింది. ఆ ఇల్లు కట్టిన రెండేళ్లకే ఇంకో దొర పక్క కొండ మీద వెంకన్నకి గుడి కట్టాడు. మామ్మకి ఇందులో చిత్రమేమీ కనపడలేదు. ఇద్దరూ అన్నదమ్ములే అయ్యుంటారని తేల్చేసింది. అన్న ఇల్లు పోయింది కాబట్టి తమ్ముడు జాగ్రత్తపడి ముందే గుడి అని చెప్పి కట్టాడట.

*

మధ్య కొండ మీది బాబా సంగతి నాకు తాతే చెప్పాడు. గంట తాత కాదు, మా సొంత తాత. తెప్ప మీద వేటకి పోయేవాడు.

బంగాళాఖాతం మీద గాలికీ వానకీ ఆ బాబాదే పెత్తనమని ఈ తీరంలో పాత నమ్మకం. 1869లో కార్మైఖేల్ అనే కలెక్టరు రాసిన జిల్లా మాన్యువల్‌లో కూడా ఇది ఉంది. ప్రయాణం క్షేమంగా ముగిస్తే ఓడల యజమానులైన హిందువులు దర్గాకి వెండి దోనెలు మొక్కు చెల్లించేవారని రాశాడు. మాకు వెండి ఎక్కడిది? మా తాత తాటాకుతో అరచేయంత పడవ అల్లి తీసుకెళ్లేవాడు. నేను మోసుకెళ్లిన పడవ ఒకటి గాలికి ఎగిరి వాలులోకి పోతే, పర్లేదురా, బాబా తీసేసుకున్నాడు అన్నాడు.

తాతకి ఆ మూడు కొండలు దేవుళ్ల కంటే ముందు గుర్తులు. ఒడ్డు నుంచి దూరం పోయాక సముద్రం మీద దారి ఎలా తెలుస్తుందని అడిగితే, మూడు వేళ్లు నిలబెట్టి చూపించేవాడు. "ఇటు నుంచి చూస్తే మూడూ విడివిడిగా ఉంటాయి. కిందికి జరిగే కొద్దీ ఒకదాని ఎనక ఒకటి దాక్కుంటాయి. మేరమ్మ తెల్లగోడ బాబా కొండకి తగిలిందా, అక్కడ వల వెయ్యి. గోడ మాయమైందా, కింద రాయుంది, వల చిరుగుతాది." ఇలా ఏ కొండ దేనితో కలిస్తే ఏ చేప అని పెద్ద పట్టికే ఉండేది ఆయన తలలో. మా అయ్య హార్బరులో లాంచీ మీద ఖలాసీగా చేరిపోయాడు, నేను బ్యాంకులో చేరాను. ఆ పట్టిక తాతతోనే పోయింది.

హార్బరు రాకముందు ఇక్కడంతా ఉప్పుటేరు, బురద అని తాత అనేవాడు. 1933 అక్టోబరులో జలదుర్గ అనే మొదటి ఓడ కాలవలోంచి లోపలికి వస్తుంటే, జనం ఈ కొండల మీదికెక్కి చూశారని, తానూ వాళ్ల నాన్న భుజాల మీద ఎక్కి చూశానని చెప్పేవాడు. లెక్క చూస్తే అప్పటికి ఆయన పదేళ్లవాడు. పదేళ్లవాణ్ణి భుజాల మీద ఎవరెక్కించుకుంటారు? అడిగితే కోపం వచ్చేది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఊరు ఊరంతా బళ్లు కట్టుకుని లోపలి పల్లెలకి పారిపోయింది. మామ్మ అప్పుడు కొత్త పెళ్లికూతురు. రెండు కుండలు, ఒక వల, ఒక కోడిపెట్టతో పరుగెత్తిందట. దారిలో కోడి గుడ్డు పెట్టిందని చెప్పి నవ్వేది. అంతకు మించి ఆ రోజు గురించి ఏమడిగినా మాట మార్చేసేది.

*

జెండా ముచ్చట ఇంకొకటి మిగిలింది.

కాలవలోంచి పోయే నావలు దర్గా ఎదురుగా వచ్చేసరికి జెండాని మూడుసార్లు దించి ఎత్తేవని, అది బాబాకి సలామని, పాతకాలపు ఆచారం. మామ్మ దృష్టిలో అది పాతకాలం కాదు. ఇప్పటి పెద్ద పెద్ద ఇనుప ఓడలు కూడా చేస్తాయనే అనేది. మేరమ్మ ఇంటి పక్కన కూర్చున్నప్పుడు మా ఇద్దరికీ ఇదే ఆట. లోపలి నుంచి ఓడ కదులుతుంది. ముందు టగ్గులు, అంటే ఓడని లాగే చిన్న పడవలు, వెనక టగ్గులు, మధ్యలో మేడంత ఓడ. కూత వేస్తే రొమ్ములో అదిరేది. మామ్మ నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని "సూడు, ఒకటి" అనేది. గాలికి జెండా కొంచెం వాలి లేచేది. "సూడు, రెండు." ఇక మూడోసారి చూద్దామనేసరికి ఓడ బాబా కొండ చాటుకి వెళ్లిపోయేది.

"మామ్మా, మూడు కనపళ్లేదు."

"మూడోది నీకేటి? అది బాబాకి కదా!"

ఎన్నో ఓడలు చూశాను. ఎప్పుడూ రెండు దాటలేదు.

*

డిసెంబరులో జరిగే మేరమ్మ ఉత్సవం అంటే మాకు సంక్రాంతికి ముందొచ్చే సంక్రాంతి. కొండ దారి పొడవునా కొవ్వొత్తుల అంగళ్లు, జీళ్లు, బూరలు, రంగు రంగుల పూసల జపమాలలు. చేతి మందాన కొవ్వొత్తులు పట్టుకుని జనం ఎక్కేవారు. పైన హార్మోనియం, పాటలు, తెల్ల ముసుగులు వేసుకున్న ఆడవాళ్లు. మామ్మ ఏటా కొబ్బరికాయ పట్టుకెళ్లేది. ఏటా గంట తాత గుమ్మంలో ఆపేవాడు.

"పెద్దమ్మా, కొబ్బరికాయ బయటే."

"మరి ఒట్టి సేతుల్తో ఎవరింటికన్నా ఎల్తారా బాబూ?"

చివరికి బయట రాయి మీద కొట్టి, ఒక చిప్ప తాతకిచ్చేది. నా చేత మైనం గీరించిన చిప్పలు అవేనని నా అనుమానం.

*

ఒక తుఫాను రాత్రి గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాసేస్తాను.

మా అయ్య లాంచీ డ్యూటీలో ఉన్నాడు. సాయంత్రం రావాల్సినవాడు రాలేదు. పొద్దుగూకాక గాలి మొదలైంది. కరెంటు పోయింది. పెంకులు ఒక్కొక్కటీ ఎగిరి సందులో పడుతున్నాయి. కబురు తెచ్చేవాళ్లు లేరు, ఫోన్లు ఎక్కడివి? కిరసనాయిలు బుడ్డి రెండుసార్లు ఆరిపోయి, నూనె కూడా అయిపోయింది. అమ్మ ఒక మూల మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. మామ్మ లేచి, కొండెక్కుతానని కొంగు నడుముకి బిగించింది. తలుపు తీస్తే మనిషే నిలబడేలా లేదు. తాత చెయ్యి పట్టుకుని లాగేశాడు.

"ఇంట్లో కొవ్వొత్తుందా?" అంది మామ్మ.

ఉంది. బొప్పాయి కాడలో పోసింది. కానీ అది గంట తాత ఇచ్చిన వాటాలోది కాదు. అంతకు రెండు రోజుల ముందు, ఆయన గంట కొట్టడానికి పోయినప్పుడు, ఆయన డబ్బాలోంచి నేను తీసింది. బీదవాళ్ల కొవ్వొత్తులకి దాచుకున్న మైనం. వారం వారం సగం ఇస్తున్నా చాలక తీశాను.

తెచ్చి ఇచ్చాను. మామ్మ దాన్ని కొండ వైపు కిటికీలో, గాలి తగలకుండా బోర్లించిన కుండ చాటున వెలిగించింది. పచ్చి వాసన, చిటపటలు. నాకు కాళ్లు వణుకుతున్నాయి. దొంగ మైనంతో దీపం పెడితే మేరమ్మకి కోపం రాదా? ఆ కోపం అయ్య మీద తీర్చుకోదా? గంట గడిచింది. ఇక ఆగలేక మామ్మ ఒళ్లో తలదూర్చి చెప్పేశాను. దెబ్బ పడుతుందనుకున్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. బయట ఏదో రేకు వీధంతా దొర్లుకుంటూ పోయింది.

"ఆవిడ మైనం ఆవిడకే ఎలిగించినావు కదరా" అంది. "తెల్లారి ఎల్లి ఆ ముసిలాడికి సెప్పు."

అయ్య తెల్లవారాక వచ్చాడు. ఒళ్లంతా గ్రీజు, బురద. లాంచీని లోపలి బెర్తు దగ్గర కట్టేసి, రాత్రంతా ఒక గోడౌన్‌లో కూర్చున్నారట. వేడి గంజి తాగి, రెండు రోజులు నిద్రపోయాడు. కిటికీలో కుండ వెనక మైనం కారి గోడ మీద గడ్డకట్టి ఉంది. అమ్మ దాన్ని గీరనివ్వలేదు. ఆ ఇల్లు పడగొట్టేదాకా అది అక్కడే ఉంది.

గంట తాతకి చెప్పాను. ఆయన మంచి కన్నుతో నన్ను చూసి, "నాకు తెలుసు, డబ్బా తేలికైంది" అన్నాడు. ఆ వారం వాటా ఇవ్వలేదు.

*

పుట్టినరోజు అయిన పది రోజులకి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నేనూ మా ఆవిడా విశాఖ వెళ్లాం. ఆవిడది తెనాలి. ఈ కొండలు, ఈ కథలు ఆవిడకి నలభై ఏళ్లుగా వినీ వినీ అరిగిపోయినవి.

మా సందులో మా ఇల్లున్న చోట మూడంతస్తుల బిల్డింగు. కింద మొబైల్ రీచార్జి కొట్టు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరి చెట్లన్నీ ఎలా పోయాయో, కొండ మీద నేను గుర్తుపెట్టుకున్న చెట్లు కూడా అలాగే పోయినట్టున్నాయి. ఎక్కుతుంటే మోకాళ్లు కలుక్కుమన్నాయి. "కొండేటి పారిపోద్దా" అన్నాను పైకి. మా ఆవిడ ఎవరితో మాట్లాడుతున్నానో అని వెనక్కి చూసింది.

లోపల కొవ్వొత్తి వెలిగించాను. నా వేళ్లకి చేపల వాసన లేదు, అదొక్కటే లోటు. బయటికొచ్చి గోడ నీడలో, మామ్మ కూర్చున్న చోటే అనుకుంటాను, కాళ్లు బారజాపుకుని కూర్చున్నాను. మా ఆవిడ ముందు కర్చీఫ్ పరిచి, దాని మీద కూర్చుంది.

హార్బరులోంచి ఒక ఓడ కదులుతోంది. పొడవాటి ఎర్ర ఓడ, పక్కల టగ్గులు. కూత వేసింది. రొమ్ములో అదిరింది, అది మాత్రం మారలేదు. జెండా సంగతి చెప్పి, నా కళ్లజోడు పవరు చాలదు గానీ నువ్వు చూడు అన్నాను.

"గాలికి ఊగుతోంది, అంతే. దించడం ఏమీ లేదు" అంది.

"ఊగితే ఊగనీ. లెక్కపెట్టు."

నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపు మాట్లాడలేదు.

"సరే, ఒకటి" అంది. "ఆఁ... రెండు."

ఇంకా మెడ చాచింది. కర్చీఫ్ మీంచి లేచి నిలబడింది కూడా.

"అయ్యో, ఆ కొండ అడ్డం వచ్చేసిందండీ."